మట్టి ఒప్పుకోని సంచీ

మేడమ్ పోయారని నిమ్‌పురా రైల్వే కాలనీ నుంచి ఆమె తమ్ముడు ఫోన్ చేశారు. "అక్క లేదు బాబూ" అని పెట్టేశారు. ఆ పక్కనే ఉన్న హిజ్లీ ఇంజనీరింగ్ కాలేజీ క్యాంపస్‌లో నాకు పరిశోధన నేర్పిన మనిషి ఆమె. పని కోసం అక్కడికి వలస వెళ్లిన రైల్వే వర్క్‌షాపు కార్మికుడి కూతురు. క్లాసులో ఇంగ్లీషు, కోపమొస్తే శ్రీకాకుళం యాస.

పిండిపదార్థంతో సంచులకు పనికొచ్చే పల్చటి పొరలు చేసేవాళ్లం. ఉత్త పిండి పొర తడి తగిలితే జావైపోతుంది. రసాయనం పట్టిస్తే ఓర్చుకుంటుంది. మరీ ఎక్కువ పట్టిస్తే మాత్రం మట్టిలోని సూక్ష్మజీవులు దాన్ని సరిగా ముట్టవు. అందుకే మేడమ్ ప్రతి పొరనూ దోమతెర గుడ్డలో చుట్టి, తన క్వార్టర్ పెరట్లో బెండమొక్కల పక్కన పాతిపెట్టేవారు. ఆదివారం వెళ్తే టీ కన్నా ముందు చిన్న పార చేతికొచ్చేది.

ఒకసారి నీళ్లలో నానబెట్టినా చెక్కుచెదరని పొర తెచ్చి గొప్పగా చూపించాను.

"తడికి ఓర్సినాదని మురిసిపోతన్నావేటి? మట్టి ఒప్పుకున్నాదా?" అన్నారు.

నెలల తర్వాత తవ్వితే అది పాతినప్పటిలాగే ఉంది. ఆమె తిట్టలేదు. గోళ్లలో మట్టి తీసుకుంటూ "మళ్లీ సేద్దాం" అన్నారు. ఆ ఓపిక నాకు ఇంకెవరూ నేర్పలేదు.

మా పనికి డబ్బిస్తున్న కంపెనీకి ఆ పొరే నచ్చింది. మట్టిలో కలిసిపోతుందని సంచీ మీద అచ్చేసుకోవడానికి మేడమ్ సంతకం కావాలన్నారు.

"కలవనిదాన్ని కలుస్తాదని ఎలాగ రాస్తానయ్యా?" అన్నారామె.

ప్రాజెక్టు ఇంకొకరి చేతికి పోయింది. ల్యాబులో సగం పోయింది. సంతకం ఎవరో పెట్టారు. ఆ సంచులు మీ ఇంటికీ వచ్చే ఉంటాయి, పైన పచ్చటి ఆకు బొమ్మతో. అప్పట్లో ఆమెను మొండిది అన్నవాళ్లే సంతాప సభలో ఆమె నిజాయితీ గురించి మైకు వదలకుండా మాట్లాడారు. నాకు ఒళ్లు మండిపోయింది. బతికుండగా ఒక్క మాట సాయం చేయలేదు వీళ్లు.

సభకు పూలు కూడా ఆ సంచుల్లోనే వచ్చాయి. మేడమ్ తమ్ముడు ఒకటి మడిచి జేబులో పెట్టుకున్నారు.

"అక్క వద్దన్నదే అక్క ఫొటో కాడికి తెచ్చినారు, సూడు బాబూ."

క్వార్టర్ ఖాళీ చేసిన రోజు ఆయన ఆ సంచీని పెరట్లో పాతిపెడదామన్నారు. నేను తవ్వాను. ఎండిపోయిన బెండమొక్కల పక్కన పారకు దోమతెర మూట తగిలింది. విప్పితే నేను మురిసిపోయిన ఆ పొరే. దానికి ఇంకో అవకాశమిద్దామని మేడమ్ మళ్లీ పాతినట్టున్నారు. బొటనవేలితో మట్టి తుడిచాను.

ఆమె అస్థికలు నీళ్లలో కలిపి అప్పటికి వారం. పొర ఇంకా మెరుస్తూనే ఉంది.