సోమవారంలోపు చెప్పాల్సిన మాట

కరోనా లాక్‌డౌన్లు ముగిసిన మరుసటి ఏడాది, ఎండాకాలంలో, నన్ను ఉప్పల్ శాఖ నుంచి నాచారం శాఖకు మార్చారు. మాది చెవి, ముక్కు, గొంతు క్లినిక్. నేను సీనియర్ ఆడియాలజిస్టుని. రోగం తేల్చి మందు రాయడం డాక్టరు పని. వినికిడి కొలిచి, తగిన చెవి మిషన్ ఎంచి అమర్చడం మా పని. నాచారంలో నా దగ్గరికి వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఫ్యాక్టరీ కార్మికులే.

కొమురయ్య ఫోర్జింగ్ షాపులో, ఎర్రగా కాలిన ఇనుమును సుత్తి మిషన్ కింద సాగగొట్టే చోట, వయసు వచ్చినప్పటి నుంచి పనిచేస్తున్నాడు. జనగామ వైపు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ మనిషి. పిల్లలు లేరు. ఒక బుధవారం భార్య సత్తెమ్మతో కలిసి వచ్చాడు. ఆమె మెడ చుట్టూ కొంగు కప్పుకుని కూర్చుంది.

“మాట ఇనబడ్తది మేడం. ఏమన్నరో సమజ్ కాదు,” అన్నాడు కొమురయ్య.

చప్పుడు చొరబడని గదిలో కూర్చోబెట్టి పరీక్ష చేశాను. గ్రాఫులో గీత ఎడమవైపు కొంత నయంగా ఉంది, కుడివైపు నిటారుగా పడిపోయింది. ఆ గ్రాఫులో ఎడమవైపు మంద్ర స్వరాలు, కుడివైపు సన్నని స్వరాలు; రెండు చెవులకూ అంతే. స, ష, త లాంటి హల్లుల బలమంతా ఆ సన్నని స్వరాల్లోనే ఉంటుంది. అవి అందకపోతే మాట చప్పుడుగా చేరుతుంది, మాటగా చేరదు. ఏళ్ల తరబడి పెద్ద చప్పుడులో పనిచేసినవాళ్లకు లోపలి చెవిలోని వినికిడి కణాలు ఇలాగే దెబ్బతింటాయి. మందుతో అవి తిరిగి రావు.

ఆయన అడిగింది మాత్రం చెవి లోపల దాగిపోయే చిన్న మిషన్. “బయటికి కనబడొద్దు మేడం. షాపుల పోరగాళ్లు చెవిటోడంటరు. సూపర్‌వైజర్ సూస్తే పక్కకు పెడ్తడు.”

ఆ చిన్నదానికి ఆయన చెవుడుకు సరిపడేంత బలం ఉండదు. పైగా చెవి అచ్చు తీసి పంపితే తయారై రావడానికి వారానికి పైనే పడుతుంది. చెవి వెనక పెట్టుకునేది తీసుకొమ్మన్నాను. ఆయన ఒప్పుకోలేదు. ఆలోచించుకుంటానని మంచినీళ్ల కోసం బయటికి వెళ్లాడు.

అప్పుడు సత్తెమ్మ నోరు విప్పింది. మాట గరగరమని, ఊదినట్టుగా వచ్చింది.

“సోమవారం నాకు ఆపరేషన్ మేడం. గొంతుల గడ్డ. మాటపెట్టె మొత్తం దీస్తరట. ఇగ మాట రాదన్నరు.”

“ఆయనకు తెలుసా?”

“పెద్ద దవాఖానల డాక్టర్ చెప్పిండు. మాస్క్ పెట్టుకొని చెప్పిండు. ఈయన తలకాయ ఊపిండు. ఆపరేషన్ అని సమజైంది, మాట పోతదని సమజ్ కాలే. నాకేమో గట్టిగ చెప్ప రాదు. వేరేటోళ్లతోని చెప్పిచ్చుడు నాకిష్టం లేదు. నేనే చెప్పాలె.”

కొమురయ్య తిరిగి వచ్చాక ఆయన ఎదురుగా కూర్చుని, నా నోరు కనబడేలా, నిదానంగా చెప్పాను: “మీ ఇంటామె సోమవారంలోపు మీకొక మాట చెప్పాలట. చెవి వెనక పెట్టేదైతే ఈరోజే పెట్టి పంపగలను.” ఆయన ఆమె వైపు చూశాడు. “పెట్టుండ్రి,” అన్నాడు.

ట్రయల్ కోసం ఉంచే బలమైన మిషన్ల జత తీశాను. ఇలాంటి చెవుడుకు చెవి కొలతతో చేసిన అచ్చు ఉండాలి, లేకపోతే ఈల వేస్తుంది. అచ్చు తీసి పంపాను; అది వచ్చేదాకా మామూలు రబ్బరు బుడిపెతో సర్దుకోక తప్పలేదు. మిషన్‌ను కంప్యూటరుకు కలిపి ధ్వని కొద్దికొద్దిగా పెంచాను. ఫ్యాను చప్పుడుకు ఆయన ఉలిక్కిపడ్డాడు.

ఆ దశలో మేము గదిలోంచి బయటికి పోలేం. మాట తెలుస్తోందా లేదా చూస్తూ సవరించాలి. అందుకే ఆమె చెబుతున్నప్పుడు నేను అక్కడే ఉన్నాను.

“ఆపరేషన్ అయినంక నేను మాట్లాడలేనయ్యా.”

“ఎన్ని దినాలు?”

“దినాలు గాదు. ఇగ మాట్లాడలేను.”

అప్పటిదాకా ప్రతి మాటకూ “ఆఁ?” అని మళ్లీ చెప్పించుకున్న మనిషి, ఈసారి అలా అడగలేదు. నా వైపు తిరిగాడు.

“మేడం, మిషిన్ సరిగ్గనే పనిజేస్తుందా?”

సరిగ్గానే పనిచేస్తోందని చెప్పాను. ఆయన చేత్తో మొహం కప్పుకున్నాడు. సత్తెమ్మ ఆయన మోకాలి మీద చెయ్యి వేసి, అలాగే కూర్చుంది.

ఆపరేషన్ అయ్యాక అచ్చు అమర్చడానికి ఒక్కడే వచ్చాడు. ఆపరేషన్‌కు ముందు నాలుగు రోజులూ షాపుకు సెలవు పెట్టి ఇల్లు కదలలేదట. “గొంతు నొస్తున్నా మాట్లాడింది మేడం. పెండ్లప్పటి ముచ్చట్లు, ఎవలెవలో సుట్టాలు. నేను ఇన్న. గానీ పాత గొంతు ఎట్లుంటుండెనో యాదికొస్తలేదు,” అన్నాడు. చెవుడు మెల్లమెల్లగా వచ్చింది. ఆమె గొంతు బాగున్న చివరి ఏళ్లలో అది ఆయనకు సరిగా వినబడనే లేదు. బ్యాటరీ మార్చడం, అచ్చు శుభ్రం చేయడం నేర్పి పంపాను.

మెడకు ఆనించి మాట పుట్టించే పరికరం సత్తెమ్మకు ఇప్పించారు గాని అలవాటు కాలేదు. గడ్డ మళ్లీ తిరగబెట్టి, మరుసటి ఏడు ఆమె పోయింది. ఆ తర్వాత కొమురయ్య మిషన్ సర్వీసింగుకు రావడం మానేశాడు.

మిషన్ రకం ఎంచడానికి మేము చూసేవి చెవుడు తీవ్రత, చెవి రంధ్రం కొలత, వేళ్ల పట్టు, పనిచేసే చోటు. ఆ తర్వాత రిటైరయ్యేదాకా వీటికంటే ముందు మరో ప్రశ్న అడిగాను: ఎవరి మాట వినాలి, ఎప్పటిలోగా వినాలి? డాక్టర్లతోనూ ఒక మాట చెప్పేదాన్ని. చెవుడున్న మనిషికి ముఖ్యమైన సంగతి చెబితే, ఏం చెప్పారో ఆ మనిషి నోటితోనే తిరిగి చెప్పించుకోవాలి. తల ఊపడం జవాబు కాదు.