చరణం లేని పాట

గొంతు పోయాక మా నాన్న నా చేత ఒక పాటకు బాణీ కట్టించాలనుకున్నాడు.

ఆయన ఈపూరు దగ్గర పల్లెలో బడిపంతులు. ఆ ఊరి చర్చిలో పాట ఎత్తుకునేది ఎప్పుడూ ఆయనే. గొంతులో గడ్డ తీసేశాక గుసగుస తప్ప మాట రాలేదు. అప్పటినుంచి నరసరావుపేటలో మా ఇంట్లోనే ఉంటున్నాడు. నేను పిల్లలకు కీబోర్డు నేర్పుతాను, ఆదివారాలు చర్చిలో వాయిస్తాను. మా వారు పొద్దున్నే వినుకొండలో ఉద్యోగానికి వెళితే చీకటి పడ్డాకే వస్తారు. పగలంతా ఇంట్లో నేనూ నాన్నా.

ఒకరోజు మధ్యాహ్నం నన్ను దగ్గరికి రమ్మని సైగ చేశాడు.

"కోత పండక్కి పాట రాశానే. బాణీ నువ్వు కట్టు."

ఆయన గుసగుసగా చెబుతుంటే కాగితం మీద రాసుకున్నాను. పల్లవి, మూడు చరణాలు. 'బీడు నేలపై చినుకై దిగితివి, మా పిడికెడు గింజకు ప్రాణము పోసితివి' అని మొదలు. రాస్తూ ఉండగానే పల్లవికి బాణీ తట్టింది. లేచి వాయించి వినిపించాను. నాన్న కళ్లు మూసుకుని విన్నాడు.

"చానా బాగుంది. ఇంక చరణమేగా. ఒకటి కడితే మూడూ అందులోనే పాడుకోవచ్చు."

నేనూ అంతే అనుకున్నాను.

మర్నాడు చరణం కోసం కూర్చున్నాను. పల్లవి వాయించి, మొదటి పంక్తి అందుకోబోతుంటే వీధిలో ఆటో హారన్ మోగింది. అది ఏ స్వరమో నా వేలు వెతికి పట్టుకుంది. పట్టుకున్నాక దానికి పక్క స్వరాలు కలిపాను. అది వేరే పాటలా ఉంది, బాగుంది కూడా. అంతలో కుక్కర్లో పప్పు గుర్తొచ్చి వంటింట్లోకి వెళ్లాను. అక్కడ డబ్బాలో పంచదార అడుగంటడం చూసి కొట్టుకు వెళ్లాను. తిరిగొచ్చేసరికి ఇల్లంతా మాడు వాసన. కీబోర్డు ఆన్‌లోనే ఉంది. నాన్న దాని పక్కనే కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

ఇది బద్ధకం కాదు, అజాగ్రత్త కాదు. దీనికి ఏడీహెచ్‌డీ అని పేరుందని గుంటూరులో డాక్టరు చెప్పి ఎంతో కాలం కాలేదు. మనసు ఒకచోట నిలవకపోవడం చిన్నప్పటినుంచీ ఉన్నదేనని, ఇన్నాళ్లూ ఎవరూ గుర్తించలేదని అన్నారు. మాత్రలు ఇచ్చారు. వేసుకుంటే పనులు తెమిలేవి గానీ గుండె దడదడలాడేది, అన్నం సహించేది కాదు. మోతాదు తగ్గించారు. దడ తగ్గింది, నేను మళ్లీ మొదటికొచ్చాను. మందు కుదరడానికి టైం పడుతుందని చెప్పారు.

పప్పు మాడిన రోజే ఆ సంగతి నాన్నకు చెప్పాను.

"ఎక్కాలు చెబుతుంటే కిటికీలోంచి చూస్తున్నావని కొట్టేవాణ్ణి గదే," అన్నాడు. "నాకేం తెలుసు? పొగరనుకున్నా."

ఆ మర్నాటి నుంచి ఆయనే నా పక్కన కూర్చుని చెక్క బల్ల మీద అరచేత్తో తాళం వేయడం మొదలుపెట్టాడు. అది కొంత పనిచేసింది. ఆ దెబ్బ వినబడుతున్నంతసేపూ నా వేళ్లు దాన్ని పట్టుకుని నడిచేవి. చరణంలో మొదటి పంక్తి వచ్చింది, రెండోదీ వచ్చింది. మూడో పంక్తి పల్లవిలోకి తిరిగి దిగాలి. ఆ మలుపు దగ్గరికి రాగానే నేను ఉండేదాన్ని కాదు. ఎక్కడికి పోయేదాన్నో తెలియదు. ఉలిక్కిపడి చూస్తే నా చేతులు ఒళ్లో ఉండేవి, నాన్న ఒక్కడే తాళం వేస్తూ ఉండేవాడు. చెయ్యి నొప్పి పుట్టినా ఆపేవాడు కాదు.

"యాడికి పోయావే?" అనేవాడు మెల్లగా.

"తెలవదు నాన్నా."

"సరే. మళ్లీ మొదట్నుంచి."

పండుగ వచ్చేసింది, చరణం రాలేదు. పాటల బృందంలో పెద్దావిడ, నేను పిన్నీ అని పిలిచే ఆమె, ఒక దారి చూపించింది.

"ఏం కాదులేవే. పల్లవి పాడదాం, చరణాలు నేను చదువుతా. చదవడం అవంగానే నువ్వు పల్లవి ఎత్తుకో. అంతే."

అంతే. పండుగ రోజు చర్చి నిండా మిరపకాయల ఘాటు. పత్తి, మొక్కజొన్న కంకులు, గుమ్మడికాయలు కానుకలుగా ముందు కుప్ప పోశారు. ఎవరో కోడిని తెచ్చి బల్ల కాలికి కట్టేశారు. పల్లవి అందరం పాడాం. పిన్ని మొదటి చరణం చదువుతుంటే నేను కీబోర్డు మీద మెత్తగా శ్రుతి పట్టుకున్నాను. కోడి రెక్కలు కొట్టుకుంది. తాడు కాలికి మెలిపడింది, అది విడిపించుకోలేకపోతోంది. ఎవరైనా విప్పితే బాగుండును అనుకుంటూ చూస్తున్నాను.

ఎక్కడా చప్పుడు లేకపోవడంతో తలెత్తాను. పిన్ని చదవడం అయిపోయింది. అందరూ నావైపే చూస్తున్నారు. ఏ చరణం అయిందో, ఏ స్వరంతో మొదలుపెట్టాలో నాకు తోచలేదు. వేళ్లు కీబోర్డు మెట్ల మీద ఉన్నాయి గానీ కదలలేదు.

ముందు వరసలో నాన్న లేచి నిలబడ్డాడు. ఏళ్ల తరబడి చేసినట్టే తల పైకెత్తి, ఛాతీ నిండా గాలి పీల్చి, పల్లవి ఎత్తుకోబోయాడు. నోరు తెరుచుకుంది, మెడ నరాలు ఉబ్బాయి. గాలి తప్ప ఏమీ రాలేదు. గొంతు లేదన్న సంగతి ఆ క్షణంలో ఆయన మరిచిపోయాడు. గుర్తొచ్చాక మెల్లగా కూర్చుని, రుమాలు తీసి నోరు తుడుచుకున్నాడు.

పిన్ని తనకొచ్చిన శ్రుతిలో పల్లవి అందుకుంది. నేను ఆ శ్రుతి వెతుక్కునేలోపే ఆ పల్లవితోనే పాట ముగించేశారు.

ఆటోలో ఇంటికి వస్తుంటే నాన్న నా చెవి దగ్గరికి వంగాడు.

"చరణం రానీ, మళ్లీ ఏడాదికి పాట మొత్తం పాడిద్దాం."

నన్ను తిడితే బాగుండును అనిపించింది. ఆయన నా చెయ్యి పట్టుకుని రోడ్డువైపు చూస్తూ కూర్చున్నాడు.

ఇప్పటికీ మధ్యాహ్నం నిద్ర లేవగానే వచ్చి నా పక్కన కూర్చుంటాడు. మొన్న మూడో పంక్తి వచ్చింది. నిజంగానే వచ్చింది, పల్లవిలోకి నీళ్లు దిగినట్టు దిగింది. పోకముందే రికార్డు చేద్దామని ఫోన్ తీశాను. తెర మీద మెసేజి కనబడింది, గ్యాస్ బండ తెస్తున్నామని. తలుపు గడియ తీసొచ్చి, ఖాళీ బండ వరండాలో పెట్టాను.

"వచ్చిందిగా? ఏదీ, వాయించు," అన్నాడు నాన్న, చెయ్యి బల్ల మీద పెట్టి.

పల్లవి వాయించాను. మొదటి పంక్తి వాయించాను, రెండోది వాయించాను. తర్వాత ఏమిటో ఎంత వెతికినా దొరకలేదు.