పిల్లరు మీద తేది

ఎడపల్లి దాటి బోధన్ వైపు పోతుంటే చెరుకు తోటల మధ్య ఒక చిన్న ఊరు. ఊరి మొదట్లోనే మంచినీళ్ల ట్యాంకు. దాని పిల్లరు మీద నీలిరంగు పెయింటుతో ‘ట్యాంకు కడిగిన తేది’ అని రాసి ఉంటుంది. నెలకు మూడుసార్లు, ఒకటి, పదకొండు, ఇరవై ఒకటి తేదీల్లో కడగాలి. కడిగిన రోజు అక్కడ తేది మార్చాలి. మొన్న ఏప్రిల్ దాకా ఆరేళ్లలో ఆ తేది ఒక్కసారి కూడా తప్పలేదు. ట్యాంకును మాత్రం ఆ ఆరేళ్లూ ఎవరూ కడగలేదు.

తేది రాసేది దేవన్న. యాభైకి దగ్గర పడ్డ మనిషి, పంచాయతీలో నీళ్లు వదిలే పని. పొద్దున్నే వాల్వు తిప్పుతాడు. ట్యాంకు నీడలో కుర్చీ వేసుకుంటాడు. గుట్కా నమిలి అదే పిల్లరు మీద ఉమ్మేవాడు. ఎండిన ఎర్ర చారల మీద కొత్తవి పడి తేది కింద ఒక పొర కట్టింది. దాని మీద ఈగలు.

మొదటిసారి ఎగ్గొట్టింది ఒక వానరోజు. ఇనుప మెట్లు జారుతున్నాయని నాలుగో మెట్టు నుంచే దిగొచ్చి తేది రాసేశాడు. రెండు రోజులు బిక్కుబిక్కుమంటూ చూశాడు. ఎవరూ అడగలేదు. ‘ఏమైంది? ఏం కాలే’ అనుకున్నాడు. తర్వాత ఆరేళ్లు ఆ మాట మీదే బతికాడు.

ఏం కాకపోవడానికి కారణం ఉంది. గొంతెత్తి అడగగలిగిన వాళ్లెవరూ ఆ నీళ్లు తాగరు. దేవన్న ఇంటితో సహా అందరికీ ఫిల్టరు ప్లాంటు నీళ్ల క్యాన్లే. నల్లా నీళ్లు గిన్నెలకు, బట్టలకు, బర్రెలకు. క్యాన్ కొనలేని నాలుగు గుడిసెల వాళ్లు తాగుతారు. వాళ్లకు కడుపులో నొప్పి వస్తే ఎండదెబ్బ అని అందరూ తీర్మానించేవారు. కార్యదర్శి నర్సింలు నిజామాబాద్ కంఠేశ్వర్ నుంచి స్కూటర్ మీద వచ్చి, తేదిని ఫొటో తీసుకుని, మెట్ల వైపు తలెత్తకుండా పోయేవాడు.

దేవన్న భార్య పుష్పలత బీడీలు చుడుతుంది. తునికాకు మెత్తబడాలంటే నీళ్లలో ముంచి, తడిగుడ్డలో చుట్టి పెట్టాలి. దానికి నల్లా నీళ్లే. మొన్న ఏప్రిల్‌లో, పద్నాలుగో తేదీన, బీడీ కార్ఖానాలో కట్టలు చూసే రామ్‌దాస్ ఆమె కట్టను ముక్కు దగ్గర పెట్టుకుని వెంటనే దూరం జరిపాడు.

“పుష్పక్కా, ఏం నీళ్లల్ల నానబెట్టినవే? పీనుగు వాసనొస్తుంది!”

వరుసలో ఉన్న ఆడవాళ్లు కొంగులు ముక్కులకు అడ్డం పెట్టుకున్నారు. ఒకామె నవ్వింది. “ఆమె మొగడే గదా నీళ్లిడిసేది!”

పుష్పలత వారం కష్టం సంచిలో తిరిగి తెచ్చుకుంది. కుర్చీలో ఉన్న దేవన్న ఒళ్లో కుమ్మరించింది.

“వాసన సూడు.”

“ఆకు పాతదై ఉంటది.”

“ఆకు గిట్ల కంపు కొడతదా? పైకెక్కి సూడు. గిప్పుడే, నా ముంగట.”

ఎక్కాడు. పైన మూత పగిలి సగం పక్కకు జరిగి ఉంది. లోపల కోతిపిల్ల. ఉబ్బి, తోలు ఊడి, బొచ్చు నీటి మీద చాపలా పరుచుకుని ఉంది. అడుగున మూరెడు బురద. దేవన్న ట్యాంకు అంచు మీదే కక్కుకున్నాడు. యూరియా సంచిలో దాన్ని ఎత్తి కిందికి దించేటప్పుడు నీళ్లు కారి మోచేతుల దాకా వచ్చాయి. సబ్బుతో ఎన్నిసార్లు రుద్దినా ఆ చేత్తో రెండు రోజులు అన్నం తినలేకపోయాడు.

తినలేకపోయింది కోతి వల్ల మాత్రమే కాదు. అది పడి వారం దాటి ఉంటుంది. అది పైన కుళ్లుతుండగా, కింద నిలబడి తాను పదకొండో తేది రాశాడు.

ఆ నీళ్లన్నీ వదిలేయడానికి ఒక రోజు నల్లా ఆపితే ఊరు ఏమందంటే, “నల్లా మళ్ల ఎప్పుడొస్తది?” అంది. నర్సింలు, “బయట చెప్పకు దేవన్నా, ఇరవై ఒకటిన ఎప్పటిలెక్క తేది మార్చెయ్” అన్నాడు.

పుష్పలత మాత్రం ఆకు నానబెట్టడానికి ఊరవతల చేతిపంపు నుంచి నీళ్లు మోయడం మొదలుపెట్టింది. నీళ్లు వదిలేవాడి పెళ్లాం బిందె నెత్తిన పెట్టుకుని, ట్యాంకు ముందు నుంచే, రోజూ.

“నల్లా ఉండంగ గదేం మోసుడే? ఇజ్జత్ తీస్తున్నవ్.”

“నువ్వు తాగు. తాగి చూపెట్టు. అప్పుడు దించుత బిందె.”

ఇరవై ఒకటిన కడిగాడు, బ్లీచింగ్ వేశాడు, వాల్వు తిప్పాడు. ఆమె గ్లాసు పట్టి ఇచ్చింది. పెదాల దాకా తెచ్చి పారబోశాడు. తాను కడిగినదాన్ని తానే నమ్మలేదు. ఒకటో తేదీన మళ్లీ కడిగి, కళ్లు మూసుకుని తాగాడు. ఆమె బిందె దించలేదు. “ఒక్కసారికేనా?” అంది.

తన బద్ధకం దేవన్నకు బాగా తెలుసు. జూన్‌లో వాన పడగానే చెయ్యి మళ్లీ పెయింటు డబ్బా వైపే పోయింది. ఆ రోజు తిట్టుకుంటూ ఎక్కి, డబ్బానూ కుంచెనూ పైన మూత పక్కన తీగతో కట్టేసి వచ్చాడు. తేది రాయాలంటే పైకి పోవాలి. పైకి పోయాక కడగకుండా దిగడానికి ముఖం చెల్లదు. దానికి మించిన నియమం ఆయన పెట్టుకోలేదు. గుట్కా మానలేదు. పిల్లరు మీద ఉమ్మడం మాత్రం మానాడు. ఇప్పుడు పక్కనున్న మురుగు మోరీలో ఉమ్ముతున్నాడు.

ఆగస్టు పదకొండున జ్వరం. ఎక్కలేదు. మర్నాడు తనిఖీకి పై ఆఫీసు నుంచి పెద్దసారు వస్తున్నాడని ఆ సాయంత్రమే నర్సింలు ఇంటికి వచ్చాడు.

“పిల్లరు మీద ఒకటో తేదే ఉంది. డబ్బా యాడుంది?”

“మీద ఉంది సార్.”

“మీదెందుకు పెట్టినవయ్యా?”

“మీరు ఎక్కి తెచ్చుకోండ్రి. ఎక్కితే ఎట్లాగు కడుగుతరు.”

నర్సింలు మెట్లను ఒకసారి చూశాడు. తర్వాత బడికి పోయి సుద్దముక్క తెచ్చి, పాత తేది కొట్టేసి పదకొండు వేశాడు. మర్నాడు పెద్దసారు కారు దిగకుండానే తేదిని ఫొటో తీయించుకుని రెంజల్ వైపు పోయాడు.

పదమూడున జ్వరం తగ్గింది. దేవన్న ఎక్కి, కడిగి, డబ్బాతో దిగాడు. తడిగుడ్డతో సుద్ద తుడిచేసి పదమూడు అని రాశాడు. మళ్లీ ఎక్కి డబ్బా కట్టేశాడు. అది చూసి నర్సింలు నెత్తి కొట్టుకున్నాడు.

“ఫొటోల పదకొండుంది, గీడ పదమూడు! నా నౌకరికి ఎసరు పెడ్తవా? మెమో ఇస్త నీకు!”

“ఇయ్యుండ్రి సార్. కడిగింది పదమూడుననే.”

ఈ కేకలు వీధి కొస దాకా వినిపించాయి. పుష్పలత బిందె బోర్లించి, బకెట్టు నల్లా కింద పెట్టింది. నిండాక దోసిట్లోకి తీసుకుని వాసన చూసింది. మరోసారి చూసింది. తునికాకు కట్ట ముంచింది.

“నమ్మినట్టేనా?” అన్నాడు అప్పుడే ఇంటికొచ్చిన దేవన్న గుమ్మంలోంచి.

“ఇయ్యాల్టికి,” అంది. “ఇరవై ఒకటిన మళ్ల సూస్త.”