ఎవరూ కూర్చోని నవల

ఫ్రెంచ్ నవలలు చదువుతానంటే రాయపూర్‌లో మనవాళ్లు ముందు అడిగేది, ఫ్రెంచ్ వచ్చా అని. రాదు. ఇంగ్లిష్ అనువాదాలే చదువుతాను. ఆ మాట చెప్పగానే వాళ్లకు నా మీదున్న గౌరవం సగం తగ్గేది. మిగతా సగం, అందులో కథేమిటని అడిగాక పోయేది.

కథ చెప్పడం కష్టమే. నాకు నచ్చేవి ఆటలాడే పుస్తకాలు. రచయిత తనకు తానే అర్థంలేని నియమం ఒకటి పెట్టుకుంటాడు. ఇక నవలంతా దానికి కట్టుబడి రాస్తాడు. పండితులు వీటి గురించి మొహం చిట్లించుకుని వ్యాసాలు రాస్తారు. చదివి నవ్వామని ఒక్కరూ ఒప్పుకోరు. నేను నవ్వడానికే చదివాను.

మా ఆయన రైల్వేలో చేసి రిటైరయ్యారు. శ్రీకాకుళం వైపు కుటుంబం. ఇంగ్లిష్ నవల చదివే ఓపిక లేదు గానీ వినేవారు. దేవేంద్ర నగర్‌లో మా ఇంట్లో మధ్యాహ్నం భోజనాలయ్యాక నేను చదువుతూ తెలుగులో చెప్పేదాన్ని. ఒక నవలలో నియమం ఏమిటంటే, ఏ పాత్రా కూర్చోకూడదు. పెళ్లి మాటలు నిలబడే మాట్లాడుకుంటారు. విందు నిలబడే చేస్తారు. జడ్జి నిలబడే తీర్పు చెబుతాడు. ఇది ఎంత సాహసమో వివరించబోతే ఆయన ఆపారు.

"ఇందులో కొత్తేటుందే? మన జనరల్ బోగీయే గదా."

ఆ పుస్తకం మీద అంతకంటే మంచి విమర్శ నేనెక్కడా చదవలేదు.

తర్వాత ఆయన కూడా నియమాలు పెట్టుకోవడం మొదలుపెట్టారు. ఒక రోజంతా నాతో ప్రశ్నలతోనే మాట్లాడారు. అన్నం పెడతావా, చారేదీ, నా కళ్లజోడెక్కడ పెట్టావు. అది ఆట అని ఆయన చెప్పేదాకా నాకు తెలియలేదు. పెళ్లయినప్పటినుంచీ ఆయన మాట్లాడేది అలాగే.

పోయిన చలికాలంలో ఆయన పోయారు. గుండె. దాని గురించి ఇంతకంటే రాయను.

ఇక్కడి తెలుగువాళ్లకు ఒక ఆనవాయితీ ఉంది. పన్నెండో రోజు భోజనాలకు ముందు సంఘం హాల్లో సంతాపసభ పెడతారు. సంఘం కార్యదర్శి, ఆయన కూడా రైల్వే రిటైరీయే, శ్రద్ధాంజలి రాసి తెస్తారు. పిల్లల తరానికి తెలుగు లిపి రాదు కాబట్టి ఆ తెలుగును హిందీ అక్షరాల్లో టైపు చేయిస్తారు. ఎవరో ఒకరి కొడుకు లేచి చదువుతాడు. చదివేవాడికి అర్థం తెలియదు, వినేవాళ్లకు అవసరం లేదు. రచన ఎప్పుడూ ఒకటే, పేరు మారుతుంది. ఒకసారి ఒక పెద్దావిడ సంతాపసభలో 'ఆదర్శ భర్త' అన్న మాట తీయడం మరిచారు. ఎవరూ పట్టించుకోలేదు. ఆవిడ భర్త కూడా తలూపాడు. ఒకే రచనను ఇన్నేళ్లు, ఇంతమంది మీద నడిపించిన ప్రయోగం ఫ్రాన్స్‌లో కూడా జరిగి ఉండదు.

పదకొండో రోజు కార్యదర్శిగారు ఇంటికొచ్చి నాకు అది వినిపించారు. అజాతశత్రువు, మృదుభాషి, స్నేహశీలి. మా ఆయన నీళ్ల మోటారు విషయంలో సగం కాలనీతో మాటలు మానేసిన మనిషి. సభ అయ్యాక జనానికి మిగిలేది ఈ కాగితంలోని మనిషే. మా ఆయన మిగలరు. అది నేను ఓర్చుకోలేకపోయాను.

"అన్నయ్యగారూ, రేపు ఎవరూ పొగడకూడదు. ఆయన చేస్తుండగా తమ కళ్లతో చూసిన పని ఒక్కటి చెప్పాలి. అంతే."

"పొగడకుండా శ్రద్ధాంజలి ఏటమ్మా? లోగ్ క్యా బోలేంగే? నలుగురూ ఏటనుకుంటారు?"

"ఫ్రాన్స్‌లో ఇలాగే చేస్తారండీ."

పచ్చి అబద్ధం. కానీ విదేశీ పద్ధతి అనగానే ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

మర్నాడు సభలో, ఈరోజు శ్రద్ధాంజలి ఫ్రెంచ్ పద్ధతిలో జరుగుతుందని ఆయనే గర్వంగా ప్రకటించారు. మొదటాయన లేచి "మహానుభావుడు" అన్నాడు. నా వైపు చూసి ఆగాడు. ఇంకేమీ దొరక్క కూర్చున్నాడు. రెండో ఆయనా అంతే. ఎన్నో సభల్లో గంటలకొద్దీ మాట్లాడినవాళ్లు. పొగడ్త తీసేస్తే వాళ్ల దగ్గర ఒక్క వాక్యం లేదు. ఇంకెవరూ లేవకపోయేసరికి నాకు భయం వేసింది. ఆ కాగితమే నయమేమో, కనీసం ఏదో ఒకటి వినబడేది అనుకున్నాను.

అప్పుడు మా పక్కింటాయన లేచాడు. తెలుగాయన కాదు, ఇక్కడివాడే. మా గేటు ముందు తను బండి పెట్టినప్పుడల్లా మా ఆయన టైర్లలో గాలి తీసేసేవారని, ఆ తర్వాత పంపు కూడా ఆయనే ఇచ్చేవారని హిందీలో చెప్పాడు. హాలు నవ్వింది. ఆ తర్వాత ఒకరొకరు లేచారు. క్యారమ్స్‌లో ఓడితే బోర్డు మీద బోరిక్ పౌడరు సరిగ్గా లేదనేవారని ఒకరు. పెళ్లిళ్లలో స్వీట్ల దగ్గరే నిలబడేవారని ఒకరు.

చివర కార్యదర్శిగారు లేచారు. చెయ్యి జేబు దాకా వెళ్లి వెనక్కి వచ్చింది.

"సభలో నేను పద్యమెత్తుకుంటే లేచి బయటికెళ్లిపోయేవారమ్మా. ఎందుకెల్తన్నావని ఓసారి అడిగాను. నీది అయిపోనాక పిలు, బోంచేయడానికొస్తాను అన్నారు." నా వైపు తిరిగి అన్నారు, "ఆయన కోసం పద్యాలు తగ్గించాను."

"కబ్?" అన్నారెవరో వెనకనుంచి, ఎప్పుడు తగ్గించారని.

నేను నవ్వాను. గట్టిగానే నవ్వాను. మొగుడి సంతాపసభలో నవ్విందని కాలనీలో ఇప్పటికీ చెప్పుకుంటారు. నవ్వుతూనే ఏడ్చానని మాత్రం ఎవరూ చెప్పుకోరు. ఆయన పోయాక ఏడుపు రావడం అదే మొదలు. అంతవరకూ వచ్చినవాళ్లంతా ఎవరో గొప్పాయన పోయాడని ఓదార్చారు. నాకు తెలియని గొప్పాయన కోసం నేనెలా ఏడుస్తాను?