పై వాటా సామియా ఆంటీ చామదుంపలు

మా చిన్నప్పుడు... పిస్కాటవేలో మంచు పడటం మొదలైందంటే చాలు, పై వాటా సామియా ఆంటీ వంటింట్లోంచి వెల్లుల్లి, ధనియాలు వేగుతున్న వాసన మెట్ల మీదుగా మా తలుపు దాకా వచ్చేసేది. నేను హోంవర్కు పక్కన పడేసి చెవులు రిక్కించుకుని కూర్చునేదాన్ని. ఇంకాసేపట్లో ఆంటీ పిలుస్తారు... గిన్నె పట్టుకెళ్ళమని.

ఎనభైల మొదట్లో మాట. నాకు తొమ్మిదేళ్ళు. అమ్మ కడుపులో తమ్ముడు. వేవిళ్ళంటే మామూలు వేవిళ్ళు కాదు... పోపు వాసన పడదు, అన్నం ఉడికే వాసన పడదు. నాన్న అయితే కాఫీ పట్టుకెళ్ళి చలిలో కారులో కూర్చుని తాగొచ్చేవారు, పాపం. అమ్మ గుడ్డు కూడా ముట్టని మనిషి. బయట తినేది కాదు, ఇంట్లో వండుకోలేకపోయేది. ఇలాగైతే బిడ్డకి కష్టమని డాక్టరు గట్టిగానే చెప్పింది. ఆ మాట నా చెవిన పడింది. ఆ రోజు నుంచి నాకు అమ్మ కంచం కేసి చూడటమే పని.

సామియా ఆంటీ వాళ్ళు ఈజిప్టు క్రైస్తవులు. వాళ్ళకి క్రిస్మస్ జనవరి ఏడున. దానికి ముందు నలభై మూడు రోజులు ఉపవాసం... మాంసం, పాలు, గుడ్లు ఏవీ ఉండవు. మొదటిసారి ఎర్రపప్పు సూపు పట్టుకొచ్చి గుమ్మంలో నిలబడి, "ఫాస్టింగ్, సిస్టర్... నో మీట్, నో మిల్క్, నో ఎగ్. ఈట్," అన్నారు. ఆవిడ ఇంగ్లీషూ అమ్మ ఇంగ్లీషూ దొందూ దొందే కాబట్టి ఇద్దరికీ బాగా అర్థమైంది.

ఎర్రపప్పు, క్యారెట్టు, ఉల్లిపాయ మెత్తగా ఉడికించి వడకట్టి, జీలకర్ర పొడి వేసి, పైన నిమ్మకాయ పిండిన చిక్కటి సూపు అది. మన పోపు పడని అమ్మకి అదెలా పడిందో... గిన్నెడూ తాగేసి, "ఇంకాస్త ఉందేమో అడగవే," అంది. నేను మెట్లు రెండేసి చొప్పున ఎక్కాను.

ఇక ఆ చలికాలమంతా పైనుంచి గిన్నెలే గిన్నెలు. నానబెట్టి ఉడికించిన చిక్కుడు గింజలు... అన్నం, పప్పు, మాకరోనీ అన్నీ కలిపేసి పైన కరకరలాడే ఉల్లిపాయలు వేసినది... అమ్మ ఖాళీ గిన్నె ఎప్పుడూ తిరిగి పంపలేదు. ఏమీ లేకపోతే గుప్పెడు పంచదారైనా వేసేది. ఆంటీ వాళ్ళకీ అదే ఆచారమట.

క్రిస్మస్ అయ్యాక వాళ్ళింట్లో మాంసం మొదలైంది. ఇక అమ్మ ఏం తింటుందని నాకు బెంగ పట్టుకుంది. కానీ ఆంటీ అమ్మ కోసం చిన్న గిన్నెలో విడిగా వండుతూనే ఉన్నారు.

మరో పన్నెండు రోజులకి వాళ్ళకింకో పండగ. ఆ రోజు చామదుంపలు తినాలి. అంకుల్ జెర్సీ సిటీలో చర్చికెళ్ళి వస్తూ సంచీడు దుంపలు తెచ్చారు. నేను పైకెళ్ళేసరికి ఆంటీ ఫోన్‌లో ఉన్నారు. స్టవ్ కేసి గడ్డంతో చూపించారు. అక్కడ ఒకే సైజు గిన్నెలు రెండు... రెండిట్లోనూ పచ్చటి కొత్తిమీర పులుసులో దుంపలు. మంచి వాసన వస్తున్నది పట్టుకొచ్చేశాను.

అమ్మ అన్నంలో కలుపుకుని ఒక ముద్ద పెట్టుకుంది. "ఇవాళ రుచి వేరుగా ఉందే," అంది. ఇంతలో మెట్ల మీద ధడధడమని అడుగులు... ఆంటీ చెప్పులు కూడా లేకుండా పరిగెత్తుకొచ్చారు. "నో సిస్టర్, నో... మీట్ వాటర్," అంటూ కంచం లాగేసుకున్నారు. మాంసం ముక్కలు తీసి వేరే వేయించుకున్నారట, పులుసు మాత్రం అవి ఉడికించిన నీళ్ళతోనే చేసినది.

అమ్మ సింకు దగ్గరకెళ్ళి నోరు పుక్కిలించుకుంది. ఆంటీ తప్పంతా తనదేనని ఏడుస్తున్నారు. గిన్నె తెచ్చింది నేను... వెళ్ళి తలుపు వెనక నక్కాను. అమ్మ ఆవిడ మొహం చూడకుండానే, "ఇట్స్ ఓకే," అని లోపలికెళ్ళి పడుకుంది.

రెండు రోజులు అమ్మ మజ్జిగ తప్ప ఏమీ తీసుకోలేదు. ఆంటీ కిందికి రాలేదు. తోమిన గిన్నె గట్టు మీద అలాగే ఉంది. నాన్న తిరిగిచ్చొస్తానంటే, "అక్కడే ఉంచండి," అంది అమ్మ. నావల్లే బిడ్డకేమైనా అవుతుందని నేను బాత్రూములో కుళాయి విప్పుకుని ఏడ్చాను.

మూడో రోజు స్కూలు నుంచి వచ్చేసరికి అమ్మ ముక్కుకి తువ్వాలు కట్టుకుని పులిహోర కలుపుతోంది. ఆ గిన్నె నిండా పెట్టి, నన్ను పిలవకుండా తనే మెట్లెక్కింది. నేను వెనకే వెళ్ళాను. ఆంటీ తలుపు తీసి గిన్నె చూసి బిత్తరపోయారు. అమ్మ, "సిస్టర్, యూ టీచ్ మీ దట్ దుంప," అంది. ఇద్దరూ స్టవ్ ముందు నిలబడి ఉత్త నీళ్ళతో వండారు. అమ్మ అక్కడే కూర్చుని కడుపునిండా తింది... నాకు మళ్ళీ ఏడుపొచ్చింది.

తమ్ముడు నిక్షేపంగా పుట్టాడు. ఇప్పుడు వాడికీ పిల్లలు. చలికాలం వస్తే అమ్మ ఇప్పటికీ ఆ కూర చేస్తుంది. మొన్న దుంపలు చెక్కు తీస్తుంటే అడిగాను, "అప్పుడు ఆంటీ మీద అంత కోపమొచ్చిందా అమ్మా?" అని.

"కోపమెందుకే..." అంది, తలెత్తకుండా. "నాలిక మీద పెట్టగానే తేడా తెలిసింది. అయినా బాగుందని మింగేశాను. ఆవిడ తప్పు తనదంటూ ఏడుస్తుంటే, నేను ఏ మొహం పెట్టుకుని ఆవిడ కేసి చూడను?"

ఇప్పుడు పక్కింటికి ఏదైనా పంపాలంటే ముందు మెసేజ్ పెట్టి ఏం తింటారో, ఏం తినరో కనుక్కోవాలి. అంత శ్రమ ఎందుకని నేనూ పంపడం మానేశాను. ఆంటీ పోయి ఆరేళ్ళు... అమ్మ చెప్పిన ఈ మాట ఆవిడకి చెప్పడానికి నాకు దారి లేదు. మీకు ఎవరింటి వంట అయినా అలా గుర్తుండిపోయి, ఆ మనిషి ఇంకా ఉంటే... ఇక్కడ కామెంట్లలో రాసే ముందు వాళ్ళకి ఒక ఫోన్ చేసి రండి.