ఇర్మా కుట్టేసిన చెవి

అక్టోబరు ఇరవై తొమ్మిదిన ఇర్మా హోకనెన్ ఒక జింక చెవిలో అయిదోసారి రంగు వేసింది. లోపలి నరాలు గులాబీ పొర కింద లీలగా కనిపించాలి. రంగు ఎక్కువైతే బొమ్మ, తక్కువైతే శవం.

వేటగాళ్లు తెచ్చిన జింక తలల్ని గోడకు తగిలించేలా తయారుచేయడం ముప్పై నాలుగేళ్లుగా ఆమె పని. చెవి తోలును చేతి తొడుగులా తిరగేసి, మెత్తటి ఎముక ఒలిచి, లోపల ప్లాస్టిక్ అచ్చు పెడుతుంది. బరాగా ఊరి చుట్టుపక్కల ఆమె చెవులకు వంక పెట్టినవాడు లేడు.

ఆ రోజు, కిందటేడు తను కొట్టిన జింక తలను చూసుకోవడానికి తౌనో కెస్కి వచ్చాడు. ఎనభై ఒక్కేళ్లు. కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి తలను చాలాసేపు చూశాడు.

"అమ్మాయ్, ఇది నా జింక కాదు."

"కొమ్ములు చూసుకో పెద్దాయనా. నీదే."

"కొమ్ములు నావే. ఎడమ చెవికి చీలిక ఏదీ?"

"చీటీ కట్టి చింపావుగా! కుట్టేశా. కుట్టు ఎక్కడుందో చూపించు, డబ్బులివ్వకు."

"నేను చింపడమేంటి? నాలుగేళ్లుగా ఉందది!"

ఇర్మా కుంచె కింద పెట్టేసింది. చంపిన జింకకు వేట అనుమతి చీటీ కట్టాలి. కొమ్ముకే కట్టండి, చెవిని పొడవకండి అని దుకాణం తలుపు మీద పెద్ద అక్షరాలతో రాసిపెట్టింది. ఎవరూ చదవరు.

"ఉన్న కన్నమే కదా అని అందులోంచి కట్టా. కొత్తది పొడవలేదు," అన్నాడు తౌనో గొప్పగా.

"దేవుడా!"

బండిలో చలికి చీటీ తాడు గడ్డకట్టి, చెవిని లాగి, పాత చీలికను అంచుదాకా తెంపేసింది. ఇర్మాకు కనిపించింది తాజా చిరుగే. అంచులు అతకకపోతే కాస్త కత్తిరించి కుట్టింది. కత్తిరించిన ఆ ముక్క మందంగా, మానిన గాయంలా ఉందని, అంచున వెంట్రుకలు కూడా మొలిచి ఉన్నాయని ఇప్పుడు గుర్తొచ్చింది. అప్పుడు వెనక ముప్పై ఆరు తలలు వరసలో ఉన్నాయి.

చెవి చిరిగిన జింక ఒకటుందని తౌనో వేట గుడిసెలో నాలుగేళ్లుగా చెబుతున్నాడు. మిగతా ఏడుగురూ నవ్వుతున్నారు. ఆ చీలిక లేకపోతే ఇది ఏదో ఒక జింక, అతను అబద్ధాలకోరు.

"మళ్లీ చింపు," అన్నాడు.

"ఎండిన తోలు. బ్లేడు పెడితే పెంకులా పగులుతుంది."

"ఇందాక కుట్టు చూపించమని సవాలు విసిరావుగా?"

పన్నెండు రోజులు పట్టింది. తడిగుడ్డతో నానబెట్టి, కోసి, అంచును బంకమట్టితో మందం చేసి, వేరే తోలు ముక్క నుంచి వెంట్రుకలు ఒక్కొక్కటే అతికించింది. తిట్టుకోని రోజు లేదు. తౌనోకు మాత్రం ముందే చెప్పింది: "ఎవరైనా అడిగితే నిజమే చెబుతా."

వేట మొదలయ్యే ముందురోజు మధ్యాహ్నం తలను తనే గుడిసెకు తీసుకెళ్లింది. మగాళ్లు మాంసం కూరిన పాస్టీలు తింటూ చుట్టూ చేరారు. తౌనో అన్నకొడుకు రేనో టార్చి వేసి చెవిలోకి తొంగిచూశాడు.

"బాబాయ్, ఈ చీలిక ఎవరి చేతిపని?"

"నాదే," అంది ఇర్మా.

"అమ్మాయ్!" అని అరిచాడు తౌనో.

"నువ్వాగు. ముందున్నదాన్ని కత్తిరించి పారేసిందీ నేనే. అది మానిపోయిన గాయం. కత్తిగాటుకు వెంట్రుకలు మొలవవు."

"ఆ ముక్క చూపించు."

"చెత్తలో పోయింది."

"మరి సాక్ష్యం?"

"నేను."

"ఇద్దరూ కూడబలుక్కున్నారర్రా!"

"వచ్చే ఏడు నీ జింకకు చెవులు ఎవరు పెడతారో వెతుక్కో రేనో."

గుడిసె గొల్లుమంది. తర్వాత చేతులెత్తి తేల్చుకున్నారు. తౌనో చెయ్యి లెక్కలోకి తీసుకోలేదు. నమ్మినవాళ్లు నలుగురు, నమ్మనివాళ్లు ముగ్గురు.