తోటికోడలి స్లాబు ఇల్లు

మాది నాందేడ్ జిల్లా బిలోలి దగ్గర పల్లె. మూడేళ్ల కిందట మా తోటికోడలు రుక్మ స్లాబు ఇల్లు కట్టుకుంది. పక్కనే మాది రేకుల ఇల్లు. కడుపుమంటతో, తలనొప్పి అని చెప్పి గృహప్రవేశానికి కూడా వెళ్లలేదు.

ఆ ఎండాకాలం ఒక సాయంత్రం పెద్ద గాలిదుమారం లేచింది. మా ఆయన కూలిపనికి నిజామాబాద్ వెళ్లాడు. రేకులు ఒక్కొక్కటే ఎగిరిపోతుంటే నేనూ, నా బిడ్డా మంచం కింద దూరాం. పది అడుగుల దూరంలోనే స్లాబు ఇల్లు. అయినా ఆ గడప తొక్కబుద్ధి కాలేదు.

అంతలో రుక్మ తలమీద గంప బోర్లించుకొని ఉరికొచ్చింది.

"అక్కా, పానం కన్న పంతం ఎక్కువనా? పిల్లను ఇటు ఇయ్యి!"

బిడ్డను చంకనేసుకొని, నా చేయి పట్టి లాక్కెళ్లింది. మేం ఆమె గడప దాటామో లేదో, మా గోడ ఆ మంచం మీద కూలింది.

నెల రోజులు వాళ్లింట్లోనే ఉన్నాం. సిగ్గు విడిచి చెబుతున్నా, ఆమె నున్నటి బండల మీద కూర్చుని ఆమె పెట్టిన అన్నం తింటూ కూడా అసూయపడ్డాను. ఒకరోజు ఏడుస్తూ ఆ మాటే చెప్పేశాను.

రుక్మ నవ్వింది. "నాకెర్కనే అక్కా. నీకు బిడ్డ పుట్టిననాడు నేను సుత గిట్లనే ఏడ్సిన."

ఆమెకు పిల్లలు లేరు. అంతవరకూ ఆ సంగతి నేను ఒక్కసారైనా ఆలోచించలేదు.